రెండు వేళ్లు, ఒక్క రోజు, ఏడు పాటలు

‘రాక్’ సంగీతం అనగానే మనలో చాలామంది మనసులో మెదిలే బొమ్మ ఒకటుంది: జుట్టు పెంచుకున్న కుర్రాళ్లు, చెవులు గింగురుమనే చప్పుడు, ఒక్క ముక్క అర్థం కాని అరుపులు. కాలేజీ డే నాడు స్టేజి మీద గిటారు శ్రుతి చేసుకోవడం మొదలు కాగానే వెనక వరసల్లోని పెద్దలు మెల్లగా లేచి టీ కోసం బయల్దేరడం ఏటా చూస్తూనే ఉన్నాం. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఎవరి చెవి వారిది. అయితే ఆ చప్పుడులో కొంత భాగం ఎక్కడ పుట్టిందో తెలిస్తే, పటాన్‌చెరు, సంగారెడ్డి, బొల్లారం, జిన్నారం, పాశమైలారం చుట్టుపక్కల బతికే మనకు అది మరీ పరాయి సంగతి అనిపించదు. అది పుట్టింది ఒక ఫ్యాక్టరీల పేటలో. దాని వెనక రేకుల పని చేసే ప్రెస్సు ఒకటి, దాని కింద పడ్డ రెండు వేళ్లు ఉన్నాయి.

నేను చెప్పబోయేది ‘బ్లాక్ సబ్బాత్’ అనే ఇంగ్లండు బృందం 1970లో వెలువరించిన తొలి స్టూడియో ఆల్బమ్ గురించి. బృందం పేరే ఆల్బమ్ పేరు, అందులో మొదటి పాట పేరు కూడా అదే. ‘హెవీ మెటల్’ అని ఈనాడు పిలుస్తున్న శాఖకు ఈ రికార్డునే తొలి మెట్టుగా లెక్కపెట్టేవారు చాలామంది. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. ఈ బెల్టులో కొన్నేళ్లు ప్రెస్ షాపులో పనిచేసినవాణ్ణి, పాటలు వినే అలవాటున్నవాణ్ణి. ఈ రెండూ కలిసే చోటు ఈ ఆల్బమ్ గనుక నాలుగు మాటలు రాయడానికి సాహసిస్తున్నాను.

స్టూడియో ఆల్బమ్ అంటే ఏమిటి?

ముందు ఈ మాట చూద్దాం. సభలో జనం ముందు పాడుతుండగా పట్టుకున్నది ‘లైవ్’ రికార్డు. అలా కాక, చప్పుడు చొరబడని గదిలో, మైకుల ముందు, తప్పు వస్తే మళ్లీ పాడుతూ, ఒకదాని మీద ఒకటి పేర్చి తయారుచేసిన పాటల సంపుటి స్టూడియో ఆల్బమ్. ఆ రోజుల్లో అది పన్నెండు అంగుళాల ప్లేటు మీద వచ్చేది. ఒక్కో వైపు సుమారు ఇరవై నిమిషాలు పట్టేది. బృందం ఎన్ని ఊళ్లు తిరిగి ఎన్ని కచేరీలు చేసినా, తొలి ఆల్బమ్ వచ్చేదాకా దాని ఉనికి విన్నవాళ్ల జ్ఞాపకంలోనే. ఆల్బమ్ వచ్చాక అది పుస్తకం అచ్చయినట్టే. మంచో చెడో, ఇక చెరగదు.

స్టూడియో అంటే గంటకింత అని అద్దె. అందుకే డబ్బున్నవాళ్ల పద్ధతి వేరు, లేనివాళ్ల పద్ధతి వేరు. బీటిల్స్ బృందం తమ తొలి ఆల్బమ్‌లో ఎక్కువ భాగాన్ని 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో ముగించారు. అదే బీటిల్స్ పేరు, డబ్బు సంపాదించాక 1966 చివరి నుంచి 1967 వసంతం దాకా నెలల తరబడి స్టూడియోలో కూర్చుని ‘సార్జెంట్ పెప్పర్’ తయారుచేశారు. బ్లాక్ సబ్బాత్ వాళ్ల కథ ఈ మొదటి రకానిది. వాళ్లకు దొరికింది కూడా ఒక్క రోజే.

ఆస్టన్ కుర్రాళ్లు నలుగురు

బర్మింగ్‌హామ్ నగరంలో ఆస్టన్ అనేది కార్మికుల పేట. ఇరుకు ఇళ్లు, పక్కనే ఫ్యాక్టరీలు, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి కూలిన గోడలు. ఆ మొండిగోడల మధ్య ఆడుకున్న తరం ఇది. గిటారు టోనీ అయోమి, బేస్ గిటారు గీజర్ బట్లర్, డ్రమ్ములు బిల్ వార్డ్, గాత్రం ఆజీ ఆజ్‌బోర్న్. నలుగురూ 1948, 1949 ప్రాంతాల్లో పుట్టినవాళ్లు. నలుగురివీ చేతి కష్టం మీద బతికే కుటుంబాలే.

ఆజీ చేయని పని లేదనుకోండి. ప్లంబరు దగ్గర శిష్యరికం చేశాడు, కబేళాలో పనిచేశాడు, దొంగతనం చేసి కొన్ని వారాలు జైల్లో కూడా గడిపాడు. కార్ల హారన్లు తయారయ్యే ఫ్యాక్టరీలో హారన్లకు శ్రుతి సరిచేసే పని కూడా చేశాడు. రోజంతా వందల హారన్లు మోగించి చూడటం! తరవాతి కాలంలో ఆయన గొంతుకు అంత పెద్ద శబ్దం వెనక ఎందుకు కావాల్సి వచ్చిందో ఊహించుకోవచ్చు. గీజర్ కొన్నాళ్లు లెక్కల గుమాస్తాగా పనిచేశాడు. పాటల మాటలు ఎక్కువగా రాసింది ఆయనే.

1968లో వీళ్లు కలిశారు. మొదట పెట్టుకున్న పేరు మార్చి ‘ఎర్త్’ అని పెట్టుకున్నారు. అదే పేరుతో ఇంకో బృందం తిరుగుతుండటంతో ఆ పేరూ వదులుకోవాల్సి వచ్చింది. వాళ్ల సాధన గదికి ఎదురుగా ఉన్న సినిమా హాల్లో ‘బ్లాక్ సబ్బాత్’ అనే భయానక చిత్రం ఆడుతోంది. డబ్బిచ్చి మరీ భయపడటానికి జనం వరసలు కడుతున్నారే, భయపెట్టే సంగీతం మనమెందుకు చేయకూడదు అన్న ఆలోచన వాళ్లలో మెదిలిందట. సినిమా పేరే పాటకూ, చివరికి బృందానికీ వచ్చింది. 1969లో ఈ మార్పు జరిగింది.

ప్రెస్సు కింద రెండు వేళ్లు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. టోనీ అయోమికి పదిహేడేళ్లు. రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగు పని. ఒక బృందంతో కలిసి జర్మనీలో కచేరీలకు వెళ్లే అవకాశం వచ్చి ఉద్యోగం మానేస్తున్నాడు. అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లినప్పుడు, ఇక మళ్లీ పనికి పోనన్నాడు. పట్టిన పని పూర్తిచేసి రమ్మని తల్లి మందలించింది. ఆమె చెప్పింది తప్పా? మన ఇళ్లల్లో ఏ తల్లి అయినా అదే చెబుతుంది.

ఆ రోజు ప్రెస్సు మీద పనిచేసే మనిషి రాలేదు. ఆ మెషీను మీద అలవాటు లేని టోనీని నిలబెట్టారు. కాలితో పెడలు నొక్కితే పైనుంచి దిగే ప్రెస్సు అది. ఒక్కసారి అది దిగేటప్పటికి చేయి లోపలే ఉంది. ఉలిక్కిపడి వెనక్కి లాక్కోవడంతో కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొనలు తెగిపోయాయి.

ఇక్కడ ఒక వివరం గమనించాలి. టోనీ ఎడమచేతి వాటం మనిషి. మామూలుగా గిటారు వాయించేవాళ్లు కుడిచేత్తో తీగ మీటుతారు, ఎడమచేతి వేళ్లతో తీగను మెట్ల మీద నొక్కి స్వరం పలికిస్తారు. వీణకు మెట్లున్నట్టే గిటారుకూ ఉంటాయి. ఎడమచేతి వాటం వాళ్లకు ఇది తారుమారు. అంటే తెగినవి స్వరం పలికించే చేతి వేళ్లే. ఇక వాయించడం కుదరదని ఆసుపత్రిలో చెప్పారు.

ఇంట్లో కుమిలిపోతున్న టోనీ దగ్గరికి ఆ ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక గ్రామఫోను రికార్డు తెచ్చిచ్చాడు. వాయించినవాడు జాంగో రైన్‌హార్ట్. జిప్సీ కుటుంబంలో పుట్టిన గొప్ప జాజ్ గిటారు కళాకారుడు. 1928లో తన బండి ఇంట్లో నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోతే, మిగిలిన వేళ్లతోనే వాయించే పద్ధతి కనిపెట్టుకున్నవాడు. ఓదార్పు మాటలకన్నా ఆ ప్లేటు బాగా పనిచేసింది.

టోనీ ఏం చేశాడు? గిన్నెలు తోమే సబ్బునీళ్ల ప్లాస్టిక్ సీసా కరిగించి ముద్ద చేశాడు. దాన్ని తన వేళ్ల కొనలకు సరిపోయేలా మలిచి, అరగదీసి, పైన తోలు ముక్క అతికించాడు. తోలు లేకపోతే ప్లాస్టిక్ తీగ మీద జారిపోతుంది. ఫిట్టరు ఆకురాయి పట్టి ఒక భాగాన్ని సరిచేసినట్టే తన వేలిని తాను సరిచేసుకున్నాడు. ఫ్యాక్టరీ పోగొట్టిన దాన్ని ఫ్యాక్టరీలో నేర్చిన పనితనంతోనే కొంత రాబట్టుకున్నాడు.

తీగెల లెక్క

కానీ తొడుగు వేలికి స్పర్శ ఉండదు. ఎంత గట్టిగా నొక్కుతున్నామో తెలియదు. అప్పట్లో దొరికే గిటారు తీగెలు లావు, బిగువు ఎక్కువ. టోనీ పలచని బాంజో తీగెలు తెచ్చి గిటారుకు కట్టాడు. ఆ రోజుల్లో ‘లైట్ గేజ్’ తీగెల సెట్లు మామూలు షాపుల్లో దొరికేవి కావు.

ఫిజిక్సు చదివేవాళ్లకు ఇది తెలిసిన సూత్రమే. తీగ కంపించే వేగం మూడింటి మీద ఆధారపడుతుంది: పొడవు, బిగువు, మీటరుకు ఎంత బరువు అనేది. పొడవు మారకుండా తీగ పలచబడితే, అదే స్వరం తక్కువ బిగువుతోనే పలుకుతుంది. బిగువు తగ్గితే వేలికి శ్రమ తగ్గుతుంది. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ నాటికి టోనీ ఇంకో అడుగు వేసి, గిటారు శ్రుతినే మూడు అర్ధస్వరాలు కిందికి దించాడు. లెక్క వేసి చూడండి. మూడు అర్ధస్వరాలు దించితే కంపన సంఖ్య 100 నుంచి 84కు వస్తుంది. బిగువు కంపన సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక 100 నుంచి సుమారు 71కి పడిపోతుంది. అంటే దాదాపు మూడు వంతుల్లో ఒక వంతు శ్రమ మిగిలినట్టు. వేలు నొప్పి పెట్టకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు ఇది. దానితో శబ్దం లోతుగా, బరువుగా మారింది. ఆ తరవాత వేళ్లన్నీ బాగున్నవాళ్లు కూడా ఆ బరువు కోసమే శ్రుతి దించుకోసాగారు. తొలి ఆల్బమ్ నాటికి మాత్రం శ్రుతి మామూలుగానే ఉంది. మొదటి రికార్డు నుంచే శ్రుతి దించారని కొందరు రాస్తుంటారు, అది సరికాదు.

ఇంకొకటి. నాలుగైదు స్వరాలు కలిపి నొక్కే పెద్ద పట్లకు బదులు టోనీ ఎక్కువగా రెండు స్వరాల పట్టు వాడాడు: షడ్జమం, పంచమం. ఆంప్లిఫయరును దాని శక్తికి మించి నడిపితే శబ్దతరంగం తలలు నరికినట్టయి, లేని ఉపస్వరాలెన్నో పుట్టుకొస్తాయి. అక్కడ నాలుగైదు స్వరాలు కలిస్తే గందరగోళం అవుతుంది. సా, పా రెండే అయితే వాటి ఉపస్వరాలు చాలామటుకు ఒకదానిలో ఒకటి ఒదిగి, గోడ కట్టినట్టు నిలబడతాయి. మన తంబూరా నాదానికి పునాది కూడా ఈ సా, పా జంటే కదా! తంబూరా మెత్తగా చేసే పనిని ఈ గిటారు గరుకుగా చేస్తుందని నాకనిపిస్తుంది.

ఒక్క రోజు

1969 అక్టోబరు 16. లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియో. నిర్మాత రాడ్జర్ బెయిన్, రికార్డింగు ఇంజనీరు టామ్ ఆలమ్. మొత్తం ఖర్చు సుమారు 600 పౌండ్లు. అప్పటి మారకం ప్రకారం పౌనుకు పద్ధెనిమిది రూపాయలు వేసుకుంటే పదకొండు వేలకు లోపే. నలుగురూ తమ సామాను దింపుకుని, కచేరీలో వాయించినట్టే వరసగా వాయించేశారు. ఆజీ ఒక చిన్న గదిలో నిలబడి పాడాడు. పన్నెండు గంటల పాటు, అంటే మన లెక్కలో షిఫ్టున్నర, పని జరిగింది. ఆ మర్నాడు మిక్సింగు. అంతే!

టేపు మీద నాలుగే నాలుగు ట్రాకులు. ఈనాడు చేతిలోని ఫోనులోనే అంతకన్నా ఎక్కువ ట్రాకులు దొరుకుతాయి. నాలుగు ట్రాకులంటే, మళ్లీ మళ్లీ పేర్చి దిద్దుకునే వీలు లేదన్నమాట. గిటారు సోలోలు ఒకటి రెండు చోట్ల రెండోసారి వాయించి కలిపారు. మొదటి పాట ఆరంభంలో వాన, ఉరుము, దూరంగా గుడి గంట లాంటి చర్చి గంట చేర్చారు. మిగతాదంతా ఆ నలుగురూ ఒకేసారి చేసిన శబ్దం. ఆ రోజు టోనీ మామూలుగా వాడే గిటారు ఒక పాట కాగానే మొరాయించింది. పక్కన ఉంచుకున్న రెండో గిటారు తీసుకుని మిగతావి ముగించాడు. అదే ‘గిబ్సన్ ఎస్.జి.’. ఆయన పేరు చెప్పగానే ఈనాటికీ అందరికీ గుర్తొచ్చే గిటారు అదే.

అంత తొందరలో ఎలా కుదిరింది? చిన్న చిన్న క్లబ్బుల్లో, రాత్రికి అనేక విడతలుగా, వినేవాళ్లు ఉన్నా లేకున్నా వాయించిన అలవాటు వల్ల. స్టూడియోలో గడిపింది ఒక్క రోజే. దాని వెనక ఏడాదికి పైగా సాధన ఉంది. పరీక్ష మూడు గంటలే కదా అని మూడు గంటలే చదివితే ఏమవుతుందో మన విద్యార్థి మిత్రులకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇంగ్లండులో వచ్చిన ప్లేటులో ఏడు పాటలున్నాయి, మొత్తం సుమారు 38 నిమిషాలు. వాటిలో రెండు ఇతర బృందాల పాటలు. ‘ద విజార్డ్’లో ఆజీ హార్మోనికా వాయించాడు. ‘స్లీపింగ్ విలేజ్’ మొదట్లో చెవికి పరిచయమైన నాదం ఒకటి వినిపిస్తుంది. అది మన మోర్సింగు జాతి వాద్యమే. పళ్ల మధ్య పెట్టుకుని మీటే ఆ చిన్న ఇనుప ముక్క ఇక్కడ కచేరీల్లో మృదంగం పక్కన కూర్చుంటే, అక్కడ ఈ ఇనుప సంగీతంలోకి దూరింది.

దయ్యపు స్వరమా? మన కల్యాణా?

మొదటి పాటలో గిటారు పలికేది ముఖ్యంగా మూడు స్వరాలు. మంద్రంలో ఒక షడ్జమం, దాని పై షడ్జమం, ఆ తరవాత ఈ రెంటికీ సరిగ్గా నడుమ ఉన్న స్వరం. మన భాషలో చెప్పాలంటే ప్రతి మధ్యమం. పాశ్చాత్యులు ఈ అంతరాన్ని ‘ట్రైటోన్’ అంటారు. ‘సంగీతంలోని సైతాను’ అని దీనికి పాతకాలపు పేరు ఒకటుంది. చర్చి దీన్ని నిషేధించిందనే కథ బాగా ప్రచారంలో ఉంది గాని దానికి ఆధారాలు లేవు. గీజర్ బట్లర్ హోల్స్ట్ అనే ఆంగ్ల స్వరకర్త ‘గ్రహాలు’ అనే కృతిలోని అంగారక భాగాన్ని బేస్ మీద వాయిస్తుండటం విన్న టోనీకి, ఆ మర్నాడు ఈ మూడు స్వరాలు తట్టాయట.

మనకు ఇందులో తమాషా ఏమిటంటే, ప్రతి మధ్యమం మన చెవికి భయంకరమైనది కానే కాదు. డెబ్భై రెండు మేళకర్తల్లో సరిగ్గా సగం, అంటే 37 నుంచి 72 వరకు, ప్రతి మధ్యమ రాగాలే. కల్యాణి రాగం పాడితే పెళ్లి పందిరిలో శుభం అనుకుంటాం. మరి అదే స్వరం అక్కడ వెన్నులో చలి పుట్టించడమేమిటి? స్వరం ఒకటే గాని దాని సంసారం వేరు. కల్యాణిలో మధ్యమం మెల్లగా పంచమాన్ని ఆనుకుంటుంది, దారి దొరుకుతుంది. ఈ పాటలో పంచమం దాకా పోనివ్వకుండా మధ్యమాన్ని అక్కడే ఊపుతూ నిలబెడతారు. దారి మూసుకుపోయిన భావం కలుగుతుంది. దానికి తోడు చాలా నింపాదైన నడక. భయం స్వరంలో లేదు, స్వరాన్ని వదిలేసిన చోట ఉంది.

ఆదరణ, అనాదరణ

1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు వెర్టిగో సంస్థ ఈ ఆల్బమ్‌ను విడుదల చేసింది. శుక్రవారం పదమూడో తేదీ అంటే పాశ్చాత్యులకు అమావాస్య మంగళవారం లాంటిది. అట్ట మీద పాత నీటి మిల్లు ముందు నల్లని దుస్తుల్లో నిలుచున్న ఒక స్త్రీ బొమ్మ. అట్ట లోపల తలకిందులు శిలువ బొమ్మ వేసింది కంపెనీవాళ్లు. బృందానికి ఆ సంగతి ముందు తెలియదు. వాళ్ల మీద పడిన ‘సైతాను భక్తులు’ అనే ముద్రలో ఇలా కంపెనీ వ్యాపారం పాలు కూడా ఉంది.

విమర్శకులు పెదవి విరిచారు. అమెరికాలోని ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో లెస్టర్ బాంగ్స్ దీన్ని పాత బృందాలకు నాసిరకం అనుకరణగా కొట్టిపారేశాడు. జనం మాత్రం కొన్నారు. బ్రిటన్‌లో ఎనిమిదో స్థానం, అమెరికాలో ఇరవై మూడో స్థానం దాకా ఎక్కి, అమెరికా జాబితాలో ఏడాదికి పైగా నిలిచింది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన రెండో ఆల్బమ్ ‘పారనాయిడ్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

చప్పుడుకూ పాటకూ సంబంధం

ఫ్యాక్టరీ చప్పుడే ఈ సంగీతంగా మారిందని తేలిగ్గా అనేస్తుంటారు. నాకు ఆ మాట పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. మన పల్లెల్లో నాట్లు వేసేటప్పుడు పాట ఉంది, రోకటి పాట ఉంది, ఏతం పాట ఉంది. అక్కడ పని లయ మనిషి చేతిలో ఉంటుంది. చేయి నడిచినట్టు పాట నడుస్తుంది. ప్రెస్ షాపులో పాట ఎందుకు లేదు? అక్కడ లయ మెషీనుది. మనిషి దాని వెంట పరిగెత్తాలి. పైగా పక్కవాడి కేకే వినపడదు, పాట ఎక్కడ వినపడుతుంది? అందుకే ఫ్యాక్టరీ మనుషుల పాట షిఫ్టు అయ్యాక, గేటు బయట పుట్టాలి. అప్పటికే చెవులు దిమ్మెక్కి ఉంటాయి. ఆ చెవులకు చేరాలంటే పాట గట్టిగానే ఉండాలి. అది మెషీనుకు అనుకరణ కాదు, దానికి జవాబు.

మన బెల్టు మాట

రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. 1960లలో వచ్చింది. 1972లో ఇక్రిశాట్ పటాన్‌చెరు దగ్గర నెలకొంది. ఆ దశాబ్దంలోనూ తరవాతా హైవే పొడవునా పారిశ్రామికవాడలు పెరిగాయి. రెండు మూడు తరాల వాళ్లు ఈ షిఫ్టు సైరన్ల మధ్యే పెద్దవాళ్లయ్యారు. ఇప్పుడు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన వాళ్లెందరో ఇక్కడ పనిచేస్తున్నారు. ఆస్టన్ కథ మనకు దగ్గరగా అనిపించేది అందుకే.

టోనీ కథ చెప్పేవాళ్లు చివర్లో తరచూ ఒక మాట అంటారు: ఆ ప్రమాదమే జరక్కపోతే ఆ సంగీతమే ఉండేది కాదు, అంతా మన మంచికే అని. ఈ మాటతోనే నాకు పేచీ. మన దేశంలో 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టానికి ఒక పట్టిక ఉండేది. ఏ అవయవం పోతే సంపాదించే శక్తిలో ఎన్ని శాతం పోయినట్టో అందులో రాసి ఉండేది. మధ్యవేలు కొన ఎముక పోకుండా తెగితే 4 శాతం, ఒక కణుపు పోతే 7. ఉంగరపు వేలు కొన అయితే 2, ఒక కణుపు అయితే 5. టోనీ చేతిని ఆ పట్టికలో పెడితే 6 నుంచి 12 శాతం దాకా వస్తుంది. గిటారు వాయించే మనిషికి ఆ వేళ్లు ఎంత శాతమో ఏ పట్టిక చెబుతుంది? పట్టిక తప్పని నేననడం లేదు. ఏదో ఒక లెక్క లేకపోతే ఆ కాస్తా దక్కదు. కానీ అది కూలి లెక్క, మనిషి లెక్క కాదు.

నాతోపాటు పనిచేసిన ఒకాయన భజన మండలిలో డోలక్ వాయించేవాడు. కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపు ప్రెస్సులో పోయింది. రేకు పెట్టి తీయడానికి అడ్డమవుతోందని, ప్రొడక్షను తగ్గుతోందని ఆ మెషీనుకున్న గార్డు అంతకుముందే తీసి పక్కన పెట్టారు. పట్టిక ప్రకారం 9 శాతం. డబ్బు వచ్చింది, కొన్నాళ్లకు పనిలోకీ వచ్చాడు. “మళ్ల వాయిస్తున్నవా అన్నా?” అని ఒకసారి అడిగాను. “తాళాలు కొడ్తున్న తమ్మీ. డోలక్ మీదికి చెయ్యి పోతలేదు” అన్నాడు. ఆయన కోసం ఎవరూ రికార్డు పట్టుకుని రాలేదు. నిజం చెప్పాలంటే, వచ్చినా అందరూ టోనీ అయోమిలు కాలేరు, కానక్కర్లేదు కూడా. వేలు పోగొట్టుకుని ప్రపంచ ప్రసిద్ధుడైనవాడు ఒక్కడుంటే, వేలితోపాటు వాయిద్యమూ పోగొట్టుకుని ఊరుకున్నవాళ్లు ఎందరో.

అందుచేత ఆ ఆల్బమ్ గొప్పతనాన్ని ప్రెస్సు ఖాతాలో వేయకూడదు. సీసా కరిగించింది ప్రెస్సు కాదు. బాంజో తీగెలు వెతికింది ప్రెస్సు కాదు. రికార్డు తెచ్చిన ఫోర్‌మన్, నమ్మి పక్కన నిలిచిన ముగ్గురు స్నేహితులు, ఏడాదికి పైగా రాత్రులు చేసిన సాధన, ఇవీ దాని వెనక ఉన్నవి. ప్రెస్సు చేసింది ఒక్కటే: అలవాటు లేని మనిషి చేతిని, అడ్డు లేని చోట అందుకుంది.

ఆ అడ్డు పెట్టడం అసాధ్యమైన విద్య కాదు. ప్రమాదకరమైన యంత్రభాగాలకు గట్టి కంచె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షను చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల స్థానంలో కొత్త కార్మిక స్మృతులు వచ్చాయి. చట్టం పేరు మారినా సూత్రం మారదు. రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితేనే దిగే ప్రెస్సులున్నాయి. అప్పుడు చేయి లోపల ఉండే వీలే లేదు. చేయి అడ్డం వస్తే కాంతి తెర తెగి ఆగిపోయేవి ఉన్నాయి. ఉన్నవాటిని తీసి పక్కన పెట్టకుండా చూడటం, రాని మనిషి బదులు అలవాటు లేని మనిషిని నిలబెట్టకుండా చూడటం, ఇవి యంత్రాలు చేసే పనులు కావు. సూపర్‌వైజర్లు, ఇంజనీర్లు చేయాల్సినవి. అంటే రేపు ఆ కుర్చీల్లో కూర్చోబోయే ఈ సంచిక పాఠకులు చేయాల్సినవి.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల పదార్థాల ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. సరిగ్గా ఆ వారంలోనే, జూలై 5న, బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్‌లో విల్లా పార్క్ మైదానంలో ఆ నలుగురు ముసలివాళ్లు కలిసి ఆఖరిసారి వాయించారు. జూలై 22న ఆజీ కన్నుమూశాడు. ఆ మైదానం నిండా జనం, లోకమంతా కన్నీళ్లు. అది న్యాయమే. కానీ పాశమైలారం మృతుల్లో ఎవరికి ఏ పాట వచ్చో, ఎవరు ఏ వాయిద్యం వాయించేవారో మనకు తెలియదు. ఒడియాలోనో భోజ్‌పురీలోనో పాడే గొంతులు అందులో ఉండే ఉంటాయి.

మిత్రులారా, వీలైతే ఈ ఆల్బమ్ ఒకసారి వినండి. మొదటి పాట నచ్చకపోతే ఫర్వాలేదు, మోర్సింగు వినపడే పాట దాకా ఓపిక పట్టండి. నచ్చినా నచ్చకపోయినా, రేపు ఉద్యోగంలో చేరిన మొదటి రోజున షాపు ఫ్లోరులోకి దిగినప్పుడు మెషీన్ల గార్డులు వాటి వాటి స్థానాల్లో ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే అడగండి. ప్రొడక్షను తగ్గుతుందని ఎవరైనా అంటే, ఎంత తగ్గుతుందో కాగితం మీద లెక్క వేసి చూపించమనండి. ఆ లెక్క పక్కనే ఇంకో గడి గీసి, మెషీను ముందు నిలబడ్డ మనిషి ఖాళీ వేళల్లో ఏం వాయిస్తాడో రాయమనండి.